కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

తెలుగునాట బలమనే మాట వినబడగానే మొదట భీముడు, ఆ వెంటనే కోడి రామమూర్తి నాయుడు గుర్తుకు వస్తారు. ఒకరు పురాణపురుషుడు. మరొకరు మన తాతముత్తాతల తరం కన్నులారా చూచిన మనిషి. రొమ్ముమీద ఏనుగును నిలుపుకొన్నవాడనీ, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచినవాడనీ, బయలుదేరబోయే మోటారుకారును కదలనీయకుండా పట్టి నిలిపినవాడనీ ఆయన కీర్తి దేశమంతటా వ్యాపించింది. ఆయన పుట్టిన వీరఘట్టం ఒడిశా సరిహద్దు చేరువలో, ఉత్తరాంధ్రాన ఉన్నది. మన నిమ్మనపల్లె కర్ణాటక సరిహద్దు చేరువలో, రాయలసీమ దక్షిణపు కొసన ఉన్నది. రెంటికీ నడుమ ఆంధ్రదేశమంత దూరం. ఐనప్పటికీ గుండెత్తే పందెం జరిగినా, బండి ఇరుసు ఎత్తే పందెం జరిగినా మన పెద్దల నోట ఆ పేరు రాక మానదు.

అయితే ఆయన జీవితంలో ఏనుగు నిలిచిన కొద్ది నిమిషాలు మనకు తెలిసినంతగా, ఆ నిమిషాలకు ముందు గడచిన ఏండ్లు తెలియవు. ఆ ఏండ్లను గూర్చి మన కళాశాల సంచికలో వ్రాయవలెనని మాకు తోచడానికి కారణం ఉన్నది. తెల్లవారకముందే బాహుదా జలాశయం వైపు పరుగెత్తే మన యువకులను చూస్తే ముచ్చట వేస్తుంది. కొందరికి పోలీసు ఉద్యోగం కావాలి, కొందరికి సైన్యం కావాలి, కొందరికి అద్దంలో తమ భుజాలు తామే చూచుకోవాలనే సరదా. ఇవేవీ తప్పులు కావు. పట్టణపు జిమ్ములో చేరడమూ తప్పు కాదు. చిక్కంతా ఒక్కచోట వస్తున్నది. మూడేండ్లకు రావలసిన కండ మూడు నెలలకు రావాలనే తొందర పుట్టినప్పుడు, ఆ తొందరను సొమ్ము చేసుకొనే డబ్బాలు, మాత్రలు, సూదిమందులు ఎక్కడినుండియో ప్రత్యక్షమవుతాయి. రామమూర్తి కాలంలో ఇట్టివి లేవు. అందుచేత ఆయన కథ మనకు అక్కరకు వస్తుంది.

రామమూర్తి 1882 ప్రాంతంలో వీరఘట్టంలో జన్మించారు. ఆ ఊరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. అంతకుముందు శ్రీకాకుళం జిల్లాలోనిది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్ననాడే గతించడంతో పిల్లవాడు గారాబంగా, అదుపు లేకుండా పెరిగాడనీ, చదువుమీద దృష్టి నిలువలేదనీ చెబుతారు. చివరకు తండ్రి ఆయనను విజయనగరంలో ఉన్న బంధువు నారాయణస్వామి గారి ఇంటికి పంపారు. నారాయణస్వామి పోలీసుశాఖలో పనిచేసేవారు. ఆ ఇంటి క్రమశిక్షణ వల్లనో, ఆ ఊరి గాలి వల్లనో పిల్లవాని జీవితం అక్కడ దారి మళ్ళింది.

విజయనగరం సామాన్యమైన ఊరు కాదు. పూసపాటి ప్రభువుల ఆశ్రయంలో సంగీతం, సాహిత్యం, హరికథ ఎట్లా వర్ధిల్లాయో, సాము గరిడీలు, కుస్తీలు అట్లే వర్ధిల్లాయి. ఆ కాలపు తాలింఖానాను నేటి విద్యార్థి ఊహించుకోవడం కొంచెం కష్టం. అద్దాలుండవు, పాటలుండవు, ఇనుప యంత్రాలుండవు. మెత్తగా త్రవ్విన మట్టి గోదా, మూలన నాలుగు లోడీలు, ఒక రాతిగుండు, గోడన ఒక ఆంజనేయస్వామి పటం. ఉస్తాదు ముస్లిమైతే ఆ పటం స్థానంలో మరొక ప్రార్థన. శిష్యులలో మాత్రం భేదముండేది కాదు. తాలీము అనే మాట అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. దాని అర్థం చదువు, శిక్షణ. మన భాషలో ఒళ్ళు పెంచే చోటికి చదువుల ఇల్లని పేరు పెట్టుకోవడం మాకు ఎంతో ఉచితంగా తోస్తుంది. కొత్తవానికి ఉస్తాదు మొదట నేర్పేది బరువెత్తడం కాదు. దండీలు, బస్కీలు. ఇన్ని చేశాక ఇన్ని, ఈ నెలకు ఇన్ని, వచ్చే నెలకు మరికొన్ని. ఒంట్లో నలత ఉన్ననాడు మానివేయడం. ఇంతకు మించిన రహస్యమేదీ లేదు.

అటువంటి శిక్షణలో రామమూర్తి కౌమారం గడిచింది. ఇరువది ఒకటవ ఏడు వచ్చేసరికి రొమ్ముమీద ఒకటిన్నర టన్నుల బరువును భరించేవారనీ, తరువాత దానిని రెట్టింపు చేశారనీ ఆయన జీవితాన్ని గూర్చి వ్రాసినవారు చెబుతారు. అంకెల విషయంలో కొంత ఎక్కువ తక్కువలు ఉండవచ్చు; బలశాలుల కథలకు అది సహజం. మాకు ముఖ్యమనిపించిన సంగతి వేరొకటి. ఆ వయసులో, ఆ బలంతో, వెంటనే వేదిక ఎక్కి డబ్బు గడించవచ్చు. ఆయన అట్లా చేయలేదు. మద్రాసు వెళ్ళి, సైదాపేటలో ఒక ఏడాదిపాటు వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొందారు. తిరిగి విజయనగరం వచ్చి, తాను చదివిన పాఠశాలలోనే పిల్లలకు కసరత్తు నేర్పే ఉపాధ్యాయుడుగా చేరారు. దేశదేశాలలో ఆయనకు ఎన్నో బిరుదులు లభించాయి గాని, వాటన్నిటికంటె ముందు ఆయన డ్రిల్లు మాస్టరు. మన బడులలో డ్రిల్లు మాస్టరుకు దొరికే గౌరవమెంతో అందరికీ తెలుసు కనుక ఈ మాటను ఇంకొకసారి చెప్పాలనిపిస్తుంది: కలియుగ భీముడు డ్రిల్లు మాస్టరు.

కండ ఎట్లా పెరుగుతుందో ఈ సందర్భంలో కొంచెం తెలుసుకోవాలి. ఎందుకంటే రామమూర్తి గోదాలో గడిపిన ఏండ్లకు అర్థం అక్కడే ఉన్నది. అలవాటు లేని బరువు ఎత్తినపుడు కండరపు పోగులు శ్రమకు లోనవుతాయి. పెరుగుదల ఆ శ్రమవేళ జరగదు. ఆ తరువాత విశ్రాంతిలో, నిద్రలో, తిన్న ఆహారంలోని మాంసకృత్తులతో మరమ్మతు జరిగేటప్పుడు జరుగుతుంది. మొదటి కొన్ని వారాలలో బలం పెరిగినా కండ పెద్దగా పెరగదు. మెదడు, నరాలు ఉన్న కండను సరిగా వాడుకోవడం నేర్చుకొంటాయి, అంతే. అద్దం ముందు నిలబడే యువకుడు నిరాశపడేది సరిగ్గా ఈ వారాలలోనే. ఇక కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులున్నాయి. వాటికి రక్తప్రసారం తక్కువ. కండ బలపడినంత త్వరగా అవి బలపడవు. కండ ముందు పరుగెత్తి స్నాయువు వెనుకబడితే, ఒకనాడు బరువెత్తుతుండగా స్నాయువు తెగుతుంది. మందులతో కండ పెంచినవారిలో ఇట్టి గాయాలు కనబడటానికి కారణమిదే. ఉస్తాదులకు ఈ శాస్త్రం తెలియకపోవచ్చు. ఈ నెలకు ఇన్ని, వచ్చే నెలకు మరికొన్ని అన్న వారి లెక్కలో మాత్రం ఈ శాస్త్రమంతా ఇమిడి ఉన్నది.

వ్యాయామంతోపాటు రామమూర్తి ప్రాణాయామాన్ని సాధించారు. వాయుస్తంభన, జలస్తంభన విద్యలు ఆయనకు వశమని ఆనాటివారు ఆశ్చర్యంగా చెప్పుకొనేవారు. శాకాహారి అనీ, ఆంజనేయ భక్తుడనీ, మద్యం పొగాకుల జోలికి పోని నియమవంతుడనీ చెబుతారు. ఆయన ప్రదర్శనలలో సగం బలం కండది కాగా, సగం ఊపిరిది. గొలుసు తెంచడమే చూడండి. గొలుసును రొమ్ముచుట్టూ బిగించి, నిండుగా గాలి పీల్చి, రొమ్మును వెడల్పు చేసి, కండరాలన్నిటినీ ఒక్కసారి పొంగించడం అందులోని కిటుకు. పక్కటెముకల నడుమ ఉండే చిన్న కండరాలు మొదలుకొని వీపు కండరాల వరకు ఒకే క్షణంలో ఒకే మాట వినాలి. ఇది ఒకనాటితో వచ్చేది కాదు.

ఉపాధ్యాయుడుగా కొంతకాలం గడిచాక, విజయనగరంలోనే పొట్టి పంతులు అనే మిత్రుని తోడ్పాటుతో ఆయన సర్కస్ కంపెనీ స్థాపించారు. ఇరువదవ శతాబ్ది మొదటి రెండు దశకాలలో ఆ సర్కస్ తెలుగు జిల్లాలే కాక మద్రాసు, పూనా, అలహాబాదు, కలకత్తా మొదలైన నగరాలను ఊపివేసింది. ప్రొఫెసర్ రామమూర్తి అనే పేరు ఉత్తరదేశంలో పిల్లల నోళ్ళలో నానింది. మద్రాసులో వైస్రాయ్ మింటో ప్రభువు స్వయంగా తన కారును నడిపి, రామమూర్తి పట్టునుండి దానిని కదల్చలేకపోయారని ఒక కథ ఉన్నది. పూనాలో లోకమాన్య తిలక్ ఆయనను మల్లమార్తాండుడని సత్కరించారని మరొక కథ. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి దంపతులు రాజసౌధానికి పిలిపించి ఇండియన్ హెర్క్యులస్ అని మెచ్చుకొన్నారని తెలుగువారు గర్వంగా చెప్పుకొంటారు. స్పెయిన్‌లో పోట్లగిత్తను కొమ్ములు పట్టి పడవేసిన ఉదంతమైతే మన అమ్మమ్మల చేతిలో ప్రతి తరానికీ ఒక జానెడు పెరుగుతూ వచ్చింది. పరాయి ప్రభుత్వం మనలను బలహీనులమని చులకన చేసిన కాలంలో, ఒక పల్లెటూరి తెలుగువాడు ప్రపంచం ముందు రొమ్ము విరుచుకొని నిలబడటం సామాన్యమైన సంగతి కాదు. ఆ కథలు పెరగడానికి ప్రజలలోని ఆ ఆకలి కారణం.

ఇప్పుడు ఏనుగు సంగతి. రామమూర్తి వెల్లకిల పడుకొంటారు. రొమ్ముమీద దళసరి చెక్కపలక వేస్తారు. మావటి ఏనుగును పలకమీదికి ఎక్కిస్తాడు. ఎదిగిన మన దేశపు ఏనుగు మూడు టన్నుల పైచిలుకు ఉంటుంది. చెక్కపలక రెండు పనులు చేస్తుంది. బరువును ఒకేచోట పడనీయక రొమ్మంతటా పరుస్తుంది. పలక కొసలు నేలకో దిమ్మకో ఆని ఉన్నప్పుడు బరువులో కొంత భాగం అటు పోతుంది. ఐనా మిగిలిన బరువు సామాన్యుని పక్కటెముకలను పిండి చేయడానికి చాలును. ఊపిరితిత్తుల నిండా గాలి నింపి, గొంతు బిగించి, ఆ గాలినే లోపలినుండి దన్నుగా చేసుకోవడం ఆయన సాధించిన విద్య. ఇట్లా ఊపిరి బిగబట్టి బరువు మోసేటప్పుడు రక్తపోటు విపరీతంగా పెరుగుతుంది. బరువులెత్తేవారిలో కొలిచి చూడగా అది క్షణకాలం 300 దాటిన సందర్భాలున్నాయి. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతునిలో అది 120 ప్రాంతంలో ఉంటుంది. కనుక రామమూర్తిని చూచి ఏనుగును వెదుక్కొంటూ పోవద్దని మా విద్యార్థులకు మనవి. ఏనుగు దొరకదు కాబట్టి ట్రాక్టరు కింద పడుకొనేవారు కూడ లేకపోలేదు! ప్రదర్శన వేరు, సాధన వేరు. మొదటిది ఆయన జీవిక, రెండవది ఆయన సొత్తు.

ఆయన వద్ద సాధన నేర్చినవారు ఇతర ప్రాంతాలలో కూడ ఉన్నారు. వంగదేశంలో భీమభవాని అని ప్రసిద్ధి పొందిన బలశాలి యౌవనారంభంలో రామమూర్తి సర్కస్‌లో చేరి, ఆయన వెంట సముద్రాలు దాటి తిరిగినవాడే. ఆ భీమభవాని కూడ తరువాత రొమ్ముమీద ఏనుగును నిలిపాడు. దురదృష్టవశాత్తు 1922లో, చిన్న వయసులోనే మరణించాడు.

రామమూర్తి సమకాలికుడైన మరొక మహాబలుని ఇక్కడ స్మరించకుండా ఉండలేము. ఉర్దూ తెలిసిన మన పాఠకులకు ఆయన పేరు చెప్పనక్కరలేదు. రుస్తుమే జమాన్ గామా పహిల్వాన్, అసలు పేరు గులాం మొహమ్మద్ బక్ష్, 1878లో జన్మించాడు. ఆయన కూడ పసితనంలోనే పెద్ద దిక్కును కోల్పోయినవాడే. తండ్రి మరణించాక మేనమామల చేతిలో పెరిగాడు. 1910లో లండను వెళ్ళి పోలెండు మల్లుడు జబిస్కోతో రెండున్నర గంటలకు పైగా కుస్తీ పట్టాడు. మళ్ళీ పోరాడవలసిన నాడు జబిస్కో రాలేదు. 1928లో పటియాలాలో ఇద్దరూ తిరిగి తలపడినపుడు పూర్తిగా ఒక నిమిషమైనా పట్టలేదు, గామా గెలిచాడు. రోజుకు మూడువేల దండీలు, ఐదువేల బస్కీలు చేసేవాడని ప్రతీతి. నడివయసులో, యాభై నిండబోతుండగా, జబిస్కో వంటి మల్లుని నిమిషంలో పడవేసిన ఒళ్ళు ఏ మందుల అంగడిలోను కొన్నది కాదు. దేశ విభజన వేళ లాహోరులో తన వీధిలోని హిందూ కుటుంబాలకు గామా అడ్డుగా నిలిచి రక్షించిన సంగతి ఆయన గెలిచిన కుస్తీలన్నిటికంటె పెద్దదని మా అభిప్రాయం. ఆయన 1960లో లాహోరులోనే మరణించాడు.

రామమూర్తి, గామా ఇద్దరూ తమ ఒంటిని తీర్చుకొంటున్న దినాలలో కండ పెంచే మందు లోకంలో పుట్టనే లేదు. పురుషులలో కండకు, గడ్డానికి, గొంతుకు కారణమైన టెస్టోస్టిరాన్ అనే హార్మోనును శాస్త్రజ్ఞులు వేరుచేసి, ప్రయోగశాలలో తయారు చేసినది 1935లో. ఆ పరిశోధనలకు బుటెనాంట్, రుజిచ్కాలకు 1939లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ హార్మోను లోపించిన రోగులకు అది నిజంగా వరమే. 1958 నాటికి అమెరికాలో దానిని పోలిన మాత్రలు అంగళ్ళకు వచ్చాయి. రోగుల కొరకు పుట్టిన మందు ఆరోగ్యవంతుల చేతికి చిక్కింది. తూర్పు జర్మనీలో 1970, 80 దశకాలలో పసి ఈతగత్తెలకు విటమినులని చెప్పి నీలిరంగు మాత్రలు మింగించారు. ఆ దేశం అంతరించాక దస్తావేజులు బయటపడి న్యాయస్థానాలదాకా వెళ్ళింది. మగగొంతులు వచ్చి, కాలేయాలు చెడి, బాధపడిన ఆ స్త్రీలు అప్పటికి నడివయసులోకి వస్తున్నారు. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల పరుగును 9.79 సెకండ్లలో ముగించిన బెన్ జాన్సన్ పతకాన్ని మూడు రోజులలో తిరిగి ఇవ్వవలసి వచ్చినదీ ఈ మందు వలననే.

ఈ మందులు ఒంట్లో ఏమి చేస్తాయో దాచకుండా చెప్పాలి. బయటినుండి హార్మోను వస్తున్నదని తెలియగానే ఒళ్ళు తన హార్మోనును తయారుచేయడం మానివేస్తుంది. వృషణాలు కుంచించుకొని, వీర్యకణాలు తగ్గి, సంతానానికే ఎసరు వస్తుంది. మందు మానగానే ఒళ్ళు వెంటనే కోలుకోదు; నెలలు పట్టవచ్చు, కొందరిలో ఏండ్లు పట్టవచ్చు. గుండెకండ మందమై, మంచి కొలెస్టరాలు తగ్గి, రక్తం చిక్కనై, పాతికేండ్ల వయసులోనే గుండెపోటు వచ్చే ప్రమాదముంటుంది. మాత్రలు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మగపిల్లలకు రొమ్ములు ఉబ్బుతాయి, వీపంతా మొటిమలు లేస్తాయి, అకారణమైన కోపం వస్తుంది. ఇంకా ఎదుగుతున్న పదహారు పదిహేడేండ్ల పిల్లవాడు వీటిని వాడితే ఎముకల చివర పెరిగే భాగం ముందుగానే మూసుకొని, పొడుగు అంతటితో ఆగిపోతుంది. ఒకే సూదిని పదిమంది పంచుకొంటే కామెర్లు, ఎయిడ్స్ కూడ పంచుకొన్నట్లే. స్టెరాయిడ్లు చాలవన్నట్లు, శస్త్రచికిత్సలో మత్తుమందు వలన రక్తపోటు పడిపోయినపుడు వైద్యులు ఇచ్చే మెఫెంటర్మిన్ సూదిమందును కూడ కొందరు జిమ్ముకు ముందు హుషారు కోసం పొడిపించుకొంటున్నారు. పడిపోయిన రక్తపోటును లేపే మందును, బరువెత్తి రక్తపోటు పెరగబోయే మనిషికి ఎక్కిస్తే ఏమవుతుందో ఊహించడానికి వైద్యవిద్య అవసరం లేదు.

మందుకు మేము శత్రువులం కాము. మన మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం అందుకు సాక్షి. క్షయకు మందులేని దినాలలో అక్కడి వైద్యులు శుభ్రమైన గాలిని, మంచి ఆహారాన్ని, నెలల తరబడి విశ్రాంతిని నమ్ముకొని రోగులకు చికిత్స చేసేవారు. స్ట్రెప్టోమైసిన్ మొదలైన మందులు వచ్చాక ఎందరో ప్రాణాలు దక్కించుకొన్నారు. రోగానికి మందు వేయడం ఒకటి, ఆరోగ్యానికి మందు వేయడం మరొకటి.

ఇక ఆహారం. శాకాహారంతో రామమూర్తి అంత బలం సంపాదించారంటే నేటి డబ్బా వ్యాపారులు నమ్మరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యవంతుడైన పెద్దవానికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. అరువది కిలోల యువకునికి దాదాపు 50 గ్రాములు. మన ఇంటిలో లెక్క చూద్దాం. రెండు పూటల సంగటికి 200 గ్రాముల రాగిపిండి వాడితే 14 గ్రాములు. గుప్పెడు చెనక్కాయ పప్పులు, అంటే 50 గ్రాములు, మరొక 12. ఉలవలో అలసందలో 50 గ్రాములు ఉడికిస్తే 11. ఒక గ్రుడ్డుకు 6, పావులీటరు పాలకు 8. మొత్తం 51. కష్టమైన వ్యాయామం చేసేవానికి ఇంకా కొంత కావాలి. ఇంకొక గ్రుడ్డు, ఇంకొక గుప్పెడు చెనక్కాయలు, కాస్త ఎక్కువ పప్పు వేసుకొంటే సరిపోతుంది. శాకాహారి గ్రుడ్డుకు బదులు పెరుగు, శనగలు పెంచుకోవచ్చు. కండ పెంచడానికి ప్రోటీను పొడుల జోలికి పోవద్దని అదే సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రాలలో స్పష్టంగా చెప్పింది. మన చేలలో పండే చెనక్కాయను అమ్ముకొని, ఆ డబ్బుతో వేల రూపాయల డబ్బా కొనే చోద్యం చూస్తే ఏమనాలో తోచదు. ఆ డబ్బాలో ఏమున్నదో కొన్నవానికి తెలియదు, అమ్మినవానికీ తెలియదు.

రామమూర్తి సీమనుండే ఒక శతాబ్దం తరువాత మరొక బలశాలిని వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. పన్నెండవ ఏట నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర మొదలుపెట్టిన సాధన అది. పతకం వచ్చేనాటికి ఆమెకు ఇరువది ఐదు. నడుమ గడచినవి పదమూడేండ్లు.

తిరిగి రామమూర్తి వద్దకు వద్దాం. సర్కస్ ద్వారా ఆయన అపారమైన ధనం గడించారనీ, దానిని దానధర్మాలకు, జాతీయోద్యమానికి ధారాళంగా ఖర్చు చేశారనీ అంటారు. శత్రువులు కూడ లేకపోలేదు. విదేశాలలో ఆయనపై విషప్రయోగాలు జరిగాయని చెబుతారు. ఐతే ఆయనను చివరకు పడగొట్టినది ఏనుగు కాదు, విషం కాదు. కాలిమీద లేచిన పుండు. ఎంత వైద్యం చేసినా మానలేదు. నేడు ఏ చిన్న ఆసుపత్రిలోనైనా దొరికే పెనిసిలిన్ వంటి మందులు అప్పటికి జనానికి అందలేదు. వైద్యులు కాలు తొలగించక తప్పలేదు. ఆ శస్త్రచికిత్సవేళ క్లోరోఫారం వద్దని, ప్రాణాయామం చేస్తూ ఊపిరిమీద మనస్సు నిలిపి, ఆ బాధను భరించారని చెబుతారు. ఈ కథను ఎందరు ఎన్ని విధాలుగా చెప్పినా మాకు అది నమ్మదగినదిగానే తోస్తుంది. పన్నెండు పదమూడేండ్ల ప్రాయంలో విజయనగరపు గోదాలో మొదలైన ఊపిరి సాధన అది. కండ పోయినా, కీర్తి పోయినా, కాలు పోయినా అది పోలేదు.

చివరి దినాలలో చేతిలో ధనం మిగలలేదు. ఒడిశాలోని బలంగీర్-పాట్నా సంస్థానాధీశులు ఆయనను ఆదరించారు. తెలుగుదేశానికి దూరంగా, ఆ సంస్థానంలోనే, 1942 జనవరిలో, మన పల్లెలలో సంక్రాంతి సంబరాలు జరిగే దినాలలో ఆయన కన్నుమూశారు. విశాఖపట్నం సముద్రతీరాన ఆయన విగ్రహం ఉన్నది. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టారు. ఆ జిల్లా పిల్లలు పరుగు నేర్చేది, బరువులెత్తేది, ఓడి గెలిచేది అక్కడనే.